కుంటిన తెల్లగుర్రం

ఇన్నాళ్లూ నా మాట ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాస్తున్నాను. నేను పశువైద్యం చదువుతున్న కుర్రాణ్ణి. ఫిల్మ్‌నగర్‌లో షూటింగు చూడ్డానికి వెళ్లినప్పుడు, అక్కడికి తెచ్చిన తెల్లగుర్రం కుంటుతోందని మొదట చెప్పింది నేనే.

"నొప్పి గిప్పి ఏం లేదు డాక్టర్ సాబ్! పోయిన సినిమాల దెబ్బ తిన్న గుర్రం వేషమేసింది. గప్పటి సంది కెమెరా కనబడితే చాలు, కుంటుతది," అన్నాడు దాని యజమాని. యూనిట్ అంతా నవ్వింది.

కాలేజీలో గేదెల కాళ్లే పట్టినవాణ్ణి, అయినా మొండిగా దాని కాలెత్తి, డెక్క అడుగున ఇరుక్కున్న కంకరరాయి పీకేశాను. హీరో ఎక్కగానే గుర్రం రివ్వున దూసుకుపోయింది. సంబరం పట్టలేక కేకలేస్తూ నేనూ వెనకే పరిగెత్తాను. చప్పట్లన్నీ హీరోకే!

రాయి ఇంకా నా దగ్గరే ఉంది. యజమాని గారూ, ఆ గుర్రానిది నటనా, నొప్పా? ఇప్పటికైనా జవాబు చెప్పండి.