పడవలో గీసిన గీత

యుద్ధానికి ముందు ఏడాది వేసవిలో మా వాకిట్లో ఒక పాత మోటారు పడవ ఉండేది. ఎవరో నవాబు దేవిడీ వాళ్లు బాతుల వేటకు వాడి, తర్వాత గుర్రాలసాలలో పడేశారు. నేను పనిచేసే కట్టె అడితికి చీల్చి అమ్మమని పంపారు. చీల్చడానికి మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నాను.

అడితిలో నా పని దుంగలు కొలిచి ఘనపుటడుగులు చెప్పడం. బడికి పోలేదు, లెక్క సొంతంగా నేర్చుకున్నాను. అందుకే ఇంజను నన్ను పెద్దగా భయపెట్టలేదు. విప్పిన ప్రతి ముక్కకూ సుద్దతో అంకె వేసి, అదే వరసలో బిగించాను. ఐదో రోజు అది దగ్గి, పొగ వదిలి, తిరిగింది. భయమంతా చెక్క గురించే. నాకు ఈత రాదు. నా భార్యకూ రాదు. ఆమె మాత్రం మొదటి రోజే చెప్పేసింది.

"మీరాలం చెర్ల పడవేస్తె తొల్త నేనే కూసుంట. నన్నిడిసి పోయినవనుకో, మల్ల ఇంటికి రాకు."

ఎండకు పలకల మధ్య సందులు పడ్డాయి. ప్రతి సందునూ కొలిచి రాసుకున్నాను. నూలు పేని, గుగ్గిలంలో ముంచి, ఉలి ఆనించి సుత్తితో కొట్టి, గాలి కూడా దూరకుండా నింపాను. ఇరవై రెండు పలకలకు పంతొమ్మిది రోజులు పట్టింది.

పరీక్ష కోసం లోపల నీళ్లు పోసి ఉంచాను. ఒక్క చుక్క కారలేదు. మూడో రోజు అన్నం తింటుంటే వాకిట్లో టప్‌మని చప్పుడైంది. పడవ అడుగున పలకల్ని పట్టి ఉంచే అడ్డబద్ద విరిగింది. నేను చూస్తుండగానే రెండోది విరిగింది.

పక్కింటి పాలాయన ఎండాకాలమంతా తన బండి చక్రాలకు నీళ్లు పోస్తుంటాడు. ఆ చెంబుతోనే వచ్చాడు.

"ఏంది అన్నా, గంత కసిగ నూలు కుక్కినవ్? కట్టె నీళ్లు తాగి ఉబ్బుతది. ఉబ్బినంక యాడికి పోవాలె గది? నా చక్రాలు రోజు సూస్తలేవా?"

"రోజూ సూస్తున్న తమ్మీ."

"సూసినవ్ గని గజంబద్ద తోని సూసినవ్."

అడితిలో తడి కట్టె అంటే కొలతలో మోసం. ఎండిన కట్టెనే కొలుస్తాం. ఆ అలవాటుతో, నీళ్లలో బతకాల్సిన చెక్కను ఎండలో కొలిచాను.

నింపిందంతా పీకి, బద్దలు మార్చి, ఈసారి నూలు వదులుగా పెట్టాను. ఎంత వదులని అడిగితే పాలాయన "గింత" అని రెండు వేళ్లు దగ్గరికి పెట్టి చూపాడు. దానికి అంకె చెప్పమంటే నవ్వాడు. అంకె లేని పని మీద నా భార్యను కూర్చోబెట్టబోతున్నాను.

పాలాయన బండి మీద పడవను చెరువుకు చేర్చి, ఒడ్డున ముంచి మూడు రోజులు నానబెట్టాం. నాలుగో పొద్దున నీళ్లు తోడి ఇంజను ఎక్కించాం. అడుగున పరిచిన బల్లల్లో మధ్యది ఒకటి తీసి, అక్కడ కనిపించే అడ్డబద్ద మీద మేకుతో గీత గీశాను. నీరు ఇంకా ఊరుతోంది, గంటకు ఒక వేలెత్తు.

"ఇంకొక్క రోజు ఆగుదాం."

"నీ ఒక్క రోజులు మస్తు సూసిన. ఎక్కు." ఆమె అప్పటికే రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నీరు గీతను తాకితే వెంటనే వెనక్కి తిరగాలని ఆమె దగ్గర మాట తీసుకున్నాకే ఇంజను తిప్పాను. చుక్కాని మీద నా చెయ్యి ఉంది గానీ కళ్లు గీత మీదే ఉన్నాయి. రెండుసార్లు గట్టుకు గుద్దబోయాం. అప్పుడు ఆమె చీర సర్దుకుని, ఆ సందులో కాలు పెట్టి, పాదంతో గీతను కప్పేసింది.

"తియ్యి."

"తియ్య. గీత నేను సూస్త, నువ్వు ముంగట సూడు."

"తాకితే చెప్పాలె."

"చెప్త తీ."

చెరువు మధ్యదాకా పోయి, మెల్లగా తిప్పి, ఒడ్డు చేరాం. పాలాయన తాడు పట్టుకున్నాడు. ఆమె కాలు తీసింది. గీత కనిపించలేదు, నీళ్ల కింద ఉంది. ఆమె కాలి కడియం దాకా తడి.

"ఎప్పుడు తాకింది?"

"నడిమిట్లనే."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే నీ చేతులు వణుకుతుండె."

నేను వంగి, నీళ్ల కింద ఆ గీతను వేలితో తడిమి చూశాను.