ఆస్ట్రేలియా ఫార్వర్డును నేను తీసేసిన ఉదయం

ఆస్ట్రేలియాలో ఒక పొడుగాటి ఫార్వర్డు, అంటే ముందు నిలబడి గోలు కొట్టే ఆటగాడు, ఉన్నాడు. బెజవాడలో పటమట అనే చోటు ఒకటి ఉందని ఆయనకు తెలియదు. అయినా పటమటలోని ఒక టిఫిన్ హోటల్లో, ఫ్యాను కింద బల్ల దగ్గర, ఆయన బతుకు మీద వారం వారం విచారణ జరిగేది. ఖూనీ కేసు కూడా అంత శ్రద్ధగా నడవదు. ఆ కేసులో ఆయనకు వ్యతిరేకంగా వాదించే వకీలును నేనే. ఆయన్ని జట్టులోంచి తీసెయ్యాలని నేను అరిచిన అరుపులకు అవతల బందరు కాలవలో నీళ్ళు వెనక్కి నడిచాయని చూసినవాళ్ళు చెప్పారు.

ఇదంతా సాంబారుతో మొదలైంది. హోటలాయన్ని అందరం బాబాయ్ అంటాం, ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా. ఆ బాబాయ్ ఒక శనివారం ఉదయం టీవీ రిమోటును సాంబారు గిన్నెలో జారవిడిచాడు. గరిటెతో పైకి తీసి, తుడిచి, ఎండలో ఆరబెట్టాడు. ఆ పూట సాంబారు ఎప్పటికన్నా రుచిగా ఉందని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. రిమోటు మాత్రం కోలుకోలేదు. టీవీ ఏదో క్రీడల ఛానెల్ దగ్గర బిగుసుకుపోయింది. మనం ఇడ్లీ తినే వేళకు ఆస్ట్రేలియాలో మధ్యాహ్నం దాటి, శని ఆదివారాల్లో వాళ్ళ ఫుట్‌బాల్ మొదలవుతుంది. కొత్త రిమోటు కొనవయ్యా అంటే, "సౌండు బటను పనిచేస్తందిగా సార్, ఇంకేం కావాలి?" అనేవాడు బాబాయ్.

మొదటి వారం అది ఆటా, స్థలం తగాదానా మాకు అర్థం కాలేదు. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంది, బంతీ కోడిగుడ్డు ఆకారంలోనే ఉంది. చేతుల్లేని చొక్కాలు వేసుకున్న మనుషులు ఒకరి భుజాల మీదకి ఒకరు ఎగబాకి గాల్లో బంతి పట్టుకుంటున్నారు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలున్నాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తంతే ఆరు, పక్క సందులోంచి పోతే ఒకటి. గురి తప్పినందుకు కూడా ఒక మార్కు వేసే ఆట మా అందరికీ వెంటనే నచ్చేసింది. నీలం చొక్కాల జట్టును మా జట్టుగా ఎంచుకున్నాం. మా కాలనీ వాలీబాల్ జట్టు చొక్కాలు కూడా నీలమే కాబట్టి.

ఈ వాలీబాల్ సంగతి చెప్పాలి. రోజూ పొద్దున్నే కాలనీలో ఇల్లు కట్టని ఖాళీ స్థలంలో ఆడి, తర్వాత టిఫినుకు వెళ్ళేవాళ్ళం. కెప్టెన్ లెక్కల మాస్టారు. కాలేజీలో రిటైరైనా ఇంకా మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టినట్టే చూస్తారు. కొండపల్లి థర్మల్ స్టేషన్లో పనిచేసే ఇంజినీరు గారు వెనక ఆడతారు. ముందు వరుసలో, వల మధ్యలో నిలబడి బంతిని అవతలి వాళ్ళ నేలలో పాతిపెట్టే పని నాది. మా ఆటలో చోట్లు మారే పద్ధతి లేదు. ఎవరి చోటు వాళ్ళకి పట్టా ఇచ్చినట్టే. నా చోటు కాలనీ పుట్టినప్పటి నుంచీ నాదే. ఆఫీసులో నా కుర్చీ పోయినా ఓర్చుకునేవాణ్ణి. ఆ వల ముందు జానెడు మట్టి పోతే మాత్రం బతకలేను అనుకునేవాణ్ణి.

ఏటా వేసవిలో పామర్రు జట్టుతో పోటీ ఉంటుంది. ఏటా ఓడిపోయి, వాళ్ళు పెట్టిన భోజనం చేసి వచ్చేవాళ్ళం. ఆ ఏడాది పోటీకి రెండు నెలల ముందు కాలనీలోకి ఒక బ్యాంకు ఆఫీసరు అద్దెకు దిగాడు. తాటిచెట్టంత ఎత్తు, ముప్పై దాటని వయసు. మొదటి రోజే అతను ఎగిరి కొట్టిన బంతిని వెతకడానికి పక్క వీధికి వెళ్ళాం. మంచి కుర్రాడు. వెనక వరుసలో బాగా పనికొస్తాడని నేను అందరికీ చెప్పాను. అతను నన్ను 'అంకుల్' అనేవాడు. అదొక్కటే లోపం.

సరిగ్గా అప్పటి నుంచే ఆస్ట్రేలియా చర్చ వేడెక్కింది.

"ఆ ముందు నిలబడతారే, పొడుగాయన... ఆయన సంగతి ఏమంటారు?" అని మాస్టారు ఇడ్లీతో మాట్లాడుతున్నట్టు అడిగారు.

"ఒకప్పుడు చాలా బాగా ఆడి ఉంటారండీ," అన్నారు ఇంజినీరు గారు, పచ్చడి గిన్నెతో.

"ఒకప్పుడంటే రైళ్ళు బొగ్గుతో నడిచినప్పుడా?" అన్నాను నేను. "నిన్నటి ఆట చూశారా? బంతి కాళ్ళ దగ్గర పడితే వంగడానికి సెలవు చీటీ పెట్టుకుంటున్నాడు! ఎగరమంటే మడమలు కూడా లేవట్లేదు."

బాబాయ్ అట్లపెనం దగ్గర్నుంచి అడ్డు తగిలాడు. "అట్టా అనమాకండి సార్. ఆయన్ని పట్టుకుని ముగ్గురేలాడతన్నారు చూడండి. ఆ ముగ్గురూ ఈయన మీద పడబట్టే మన చిన్నోళ్ళు ఖాళీగా గోల్సు కొడతన్నారు. గోలు కొట్టకపోయినా ఇలువున్న మడిసే."

"వేలాడటానికే అయితే అక్కడో స్తంభం పాతమను బాబాయ్! స్తంభానికి జీతం అక్కర్లేదు."

మాస్టారూ, ఇంజినీరు గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు నా కోసం ఒక పెసరట్టు చెప్పారు. నా వాదనకు మెచ్చి ఇస్తున్న బహుమతి అనుకున్నాను. అలా వారాల తరబడి తిన్నాను. కృష్ణా జిల్లాలో పండిన పెసలన్నీ ఆ నెలల్లో నా కడుపులోంచే పోయాయి. వాళ్ళేమో ఆ పొడుగాయన మీద జాలితో ఏదో ఒక మంచిమాట వేసేవాళ్ళు, నేను దాన్ని నరికేవాణ్ణి.

"అనుభవం ఉంది కదండీ," అనేవారు మాస్టారు.

"అనుభవం ఉంటే పుస్తకం రాసుకోమనండి."

"జట్టుకు పెద్దదిక్కు," అనేవారు ఇంజినీరు గారు.

"పెద్దదిక్కయితే ఇంటిపట్టున ఉండమనండి. వల దగ్గర... అదే, ఆ స్తంభాల దగ్గర ఏం పని?"

పామర్రు పోటీ ఆదివారం అనగా, ముందురోజు శనివారం నీలం చొక్కాల జట్టు మళ్ళీ ఓడిపోతోంది. పొడుగాయన గాల్లోకి లేచినట్టే లేచి, మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. నాకు పూనకం వచ్చింది. చేతిలో ఇడ్లీ ముక్కతోనే లేచి నిలబడ్డాను.

"చాలండీ! ఇంక చాలు! ఆ మైదానం పక్కన బల్ల మీద చూడండి, పాతికేళ్ళ కుర్రాడు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. వాణ్ణి దింపకుండా ఈయన్ని ఎందుకు మోస్తున్నారు? మొహమాటం! ఆయన నొచ్చుకుంటాడని అందరూ నోళ్ళు కుట్టుకున్నారు. నిజంగా ఆట మీద ప్రేమ ఉన్నవాడైతే ఆయనే లేచి, 'బాబూ, నా చోటు నువ్వు తీసుకో' అనాలి. అంటాడా? అనడు! సిగ్గుండాలి కదండీ!"

బాబాయ్ పెనం మీద అట్టు మాడుతున్నా తిప్పలేదు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఆయన లేచి వచ్చి, సాంబారు అంటిన నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు.

"మీరు ఇంత పెద్దమనసు చేసుకుంటారని నేను అనుకోలేదండీ," అన్నారు. "ఎలా చెప్పాలా అని మేమిద్దరం నిద్రలేకుండా ఉన్నాం. మీ అంతట మీరే... కుర్రాడికి ఇచ్చెయ్యమని... అబ్బ! ఎంత హుందాగా చెప్పారండీ!"

నేను ఆయన వంక చూశాను. ఇంజినీరు గారి వంక చూశాను. ఆయన కాళ్ళ దగ్గరున్న బ్యాగులోంచి ఒక శాలువా తీస్తున్నారు. దాని మడతలు చూస్తే, అది ఆ బ్యాగులో చాలా వారాలుగా నా కోసం కాపు కాస్తోందని తెలుస్తోంది.

నా గుండె ఆగిపోయింది. కాసేపాగి, ఏం జరుగుతోందో చూద్దామని మళ్ళీ మొదలైంది. చెవుల్లో కొండపల్లి స్టేషన్ యంత్రాలన్నీ ఒక్కసారి తిరిగినట్టు హోరు. ఇన్ని వారాలూ నడిచింది నా కేసు! మన వైపు ఎవరికైనా ఏదైనా వద్దని చెప్పాల్సి వస్తే సూటిగా చెబుతామా? సంబంధం నచ్చకపోతే జాతకం కుదర్లేదంటాం. నా విషయంలో కుదరని జాతకం ఒక ఆస్ట్రేలియా వాడి మోకాలు. నేను అది గ్రహించి తలవంచుతున్నానని వాళ్ళు అనుకున్నారు. నేనేమో ముద్దాయిని నేనేనని తెలియక, నాకు నేనే ఉరిశిక్ష వేయించుకుని, మధ్యమధ్యలో పెసరట్లు తిన్నాను.

శాలువా కప్పేశారు. మే నెల బెజవాడలో, సరిగా తిరగని ఫ్యాను కింద, ఉన్ని శాలువా. ఎదురు బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

తప్పించుకోవడానికి అడ్డదారి వెతికాను. "అయితే మాస్టారూ," అన్నాను, గొంతు సవరించుకుని, "ఆ పొడుగాయనలో కొంత విషయం లేకపోలేదండీ. ముగ్గురు ఆయన మీద వేలాడుతున్నారు కదా. ఆ విలువ మనం..."

"స్తంభం పాతితే సరిపోద్దన్నారుగా సార్!" అన్నాడు బాబాయ్ సంతోషంగా. తన మాట నెగ్గనందుకు బదులు తీర్చుకోవాలని నెలల తరబడి కాచుకున్నాడు పాపం.

ఆదివారం పామర్రు వెళ్ళాం. నాకు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నీలం చొక్కా ఇంట్లో ఉంచేసి, తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాను. వల మధ్యలో బ్యాంకు కుర్రాడు నిలబడ్డాడు. నా పాదాలు అరిగిన చోటులో అతని బూట్లు చూస్తుంటే పక్క పొలంలోకి వెళ్ళి కాసేపు పడుకోవాలనిపించింది.

పామర్రు కెప్టెన్, మినప మిల్లు నడిపే పెద్దమనిషి, నన్ను కుర్చీలో చూసి కంగారుగా వచ్చాడు.

"అదేంటండీ, మీరు ఆడట్లేదా?"

"లేదండీ. కుర్రాళ్ళకి వదిలేశాను."

ఆయన మొహం నల్లబడింది. నాలో ఒక్కసారి దీపాలు వెలిగాయి. శత్రువుకైనా నా విలువ తెలిసింది!

"అయ్యయ్యో," అన్నాడాయన, మనస్ఫూర్తిగా. "మీరుంటే మావాళ్ళకి అదో ధైర్యమండీ."

ఆ మాటలోని మర్యాద నన్ను నేలమట్టం చేసింది. ఆట మొదలైంది. బ్యాంకు కుర్రాడు మొదటి బంతి కొట్టగానే గట్టు మీది కొంగలన్నీ లేచి గుడివాడ వైపు వెళ్ళిపోయాయి. ఆ రోజు మేం గెలిచాం. కాలనీ పుట్టాక మొదటిసారి. చివరి బంతి పడినప్పుడు ఎవరో "కొట్టాడ్రా!" అని కేక పెట్టారు. ఎవరా అని చూస్తే నేనే, కుర్చీ మీద నిలబడి ఉన్నాను. కేక నిజం, సంతోషం నిజం. దిగాక చూపు మళ్ళీ వల ముందు నా చోటు మీదకే పోయింది, అదీ నిజమే.

తిరుగు ప్రయాణంలో వ్యానులో అందరూ పాటలు పాడారు. నేనూ గొంతు కలిపాను. ఉయ్యూరు దాటాక పాటలు అయిపోయాయి. నా పక్కన కూర్చున్న ఇంజినీరు గారు కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ, నెమ్మదిగా అడిగారు.

"మీకు... బాధగా ఏమైనా ఉందాండీ?"

ఇన్ని నెలల్లో నన్ను ఎవరైనా నా గురించి అడగడం అదే మొదటిసారి. ఆస్ట్రేలియా ప్రసక్తి లేదు. మోకాలి ప్రసక్తి లేదు. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో జోకు. ఏదో ఒకటి తీద్దామని నోరు తెరిచాను.

"ఉందండీ," అన్నాను. "చాలా బాధగా ఉంది. మళ్ళీ ఆడాలనుంది."

నా చెవులను నేనే నమ్మలేదు. బ్యాంకు కుర్రాడు ఫోన్లోకి తల దూర్చాడు. డ్రైవరు ఎందుకో హారను కొట్టాడు, ఎదుట ఏ బండీ లేదు. ఇంజినీరు గారు నా కంటే ఎక్కువ చెమట పట్టి కూర్చున్నారు. ముందు సీట్లోంచి మాస్టారు మెల్లిగా వెనక్కి తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజమైన నొప్పి ఉంది.

"అదేంటండీ," అన్నారు, "అలా మొహం మీద చెప్పేస్తే ఎలాగండీ?"