మూసీ వరద ఆపబోతే బాపు ఎలక్షన్ అడ్డొచ్చింది

నా నవల్లో హీరో కాలంలో వెనక్కి వెళ్లి 1908 నాటి మూసీ వరద నుంచి హైదరాబాద్ జనాన్ని కాపాడాలి. ఆ వరద ముప్పే లేకపోతే, మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టిన గండిపేట చెరువును అసలు కడతారా, కట్టరా? మొయినాబాద్‌లో కాలేజీ పాఠాలు ముగించుకుని చేవెళ్ల బస్సెక్కిన దగ్గర్నుంచీ ఈ చిక్కుముడితోనే సతమతమయ్యేవాణ్ని. ఇంటికొస్తే అంతకంటే పెద్ద చిక్కు, మా బాపు.

రాసింది రాసినట్టు చదివి వినిపించమంటాడు. పేజీ వింటాడో లేదో, మొదలు.

"గా వరద సంగతి గాళ్లు జూసుకుంటరు గని, నీ హీరోను జర మన సర్పంచ్ ఎలక్షన్‌కు పంపరాదు కొడుకా? ఆదివారం పొద్దుగాల మీటింగ్ పెట్టుడే తప్పయింది. శనివారం పెట్టుమని నాకు జెప్పమను."

నిజమే, ఆ ఆదివారం పొద్దున ఊళ్లో సగం మంది చర్చిలో ఉన్నారు. ప్రార్థన వేళకే మైకు పెట్టాడని వాళ్లకు కోపమొచ్చింది. బాపు ఓడిపోయాడు. ఆ ఓటమి ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు. అంతకుముందు ఐదేళ్లు సీటు మహిళలకు రిజర్వయింది కాబట్టి మా అవ్వ, అంటే మా అమ్మ, సర్పంచ్. పేరు ఆమెది, పెత్తనం బాపుది. ఊరంతా ఆయన్నే సర్పంచ్ సాబ్ అనేది.

"బాపూ, ఇది చరిత్ర నవల. మన ఊరి లొల్లి గాదు," అన్నాను తిక్కరేగి.

"మరి నా ఎలక్షన్ చరిత్ర గాదా?"

ఇక చాయ్ తాగుతుంటే అదే మాట, అన్నం తింటుంటే అదే మాట. నా హీరో మూసీ ఒడ్డున నిలబడే ఉన్నాడు, నేను ఒక్క వాక్యం ముందుకు కదల్లేదు. చివరికి ప్రాణం విసిగి ఒక అధ్యాయం రాసి పారేశాను. హీరో మా ఊరొచ్చాడు, మీటింగు శనివారానికి మారింది, బాపు గెలిచాడు. బాపు మీసం దువ్వుకుంటూ రెండుసార్లు చదివించుకున్నాడు. దండలు తక్కువయినయన్నాడు, బ్యాండు కూడా పెట్టమన్నాడు. నాకైతే ఆ కాగితాలు చింపేయాలనిపించింది.

అవ్వ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎన్నడూ నా రాతల జోలికి రాని మనిషి.

"బిడ్డా, నీ హీరోను ఇంకొన్నేండ్లు ఎన్కకు తోలుతవా?" అంది.

"ఎక్కడికవ్వా?"

"నేను గెలిచిన ఏడుకు. పంచాయతీ ఆఫీసుల మొదటి దినం. మీ బాపును సర్పంచ్ కుర్చీలకెల్లి జర లెవ్వమను. ఒక్క దినం నేను గూసుంట."

బాపు నవ్వబోయి ఆగాడు.

"మరి నేనేడ గూసోవాలె?"

అవ్వ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది.

"నేను ఐదేండ్లు గూసున్నకాడ. తలుపు పక్కన స్టూలుంటది."