ఎడమ దిక్కు ఎర్ర సిరా

“ఎర్ర సిరాబుడ్డి ఎడమ దిక్కు, ఆకుపచ్చది కుడి దిక్కు. పంతొమ్మిదేండ్లు నా టేబుల్ మీద గట్లనే ఉండె. నీకు ఇది చెప్పిన్నా తమ్మీ?”

చెప్పలేదన్నాను. లియాఖత్ అలీ గారు వరంగల్‌లో ఒక సర్కారు హాస్టల్‌లో స్టోరు గుమాస్తాగా చేసి మొన్న మార్చిలో, 1987లో, రిటైరయ్యారు. గిర్మాజీపేటలోని వాళ్లింటికి ఆదివారాలు వెళ్లి కూర్చుంటాను. ఆయన మాట వినడం నాకిష్టం.

ఏడాదికోసారి సామాను సరిచూసేటప్పుడు రిజిస్టర్‌లో గుమాస్తా ఎర్ర సిరాతో టిక్కు పెడతాడు. వస్తువు ఉంది, బాగుంది అని. ఆకుపచ్చ టిక్కు పడితే అది పనికిరాదు, కాల్చేయమని. ఆ రంగు వాడే అధికారం ఆఫీసరు ఒక్కడిదే. ఆయన కూడా ఆ టేబుల్ దగ్గరే కూర్చుని చూసేవాడు కనుక రెండు బుడ్లూ అక్కడే ఉండేవి.

“దిక్కు గుర్తు పెట్టుకునుడెందుకు చాచా? రంగు కనవడ్తది గద.”

లోపలి నుంచి ఆయన భార్య తాహెరా బేగం నవ్వింది. “నన్నడుగు చెప్త. పెండ్లయిన కాన్నుంచి టమాటలు తెమ్మంటే పచ్చి కాయలే తెస్తాండు. కూరగాయల సోమక్క ఈయనను చూసి గంప కిందివి పైకి తీస్తదట.”

ఆయన నవ్వలేదు.

“నాకు ఆ రెండు రంగులు ఒక్కతీర్గనే కనవడ్తయి. పుట్టుకతోటే. చెప్తే నౌకరీ పోతదని ఎవలకు చెప్పలే.”

డెబ్బై ఆరులో దసరాకు ముందు ఆఫీసుకు సున్నం వేశారు. కూలీలు టేబుల్ జరిపి, సామాను మళ్లీ సర్దినప్పుడు బుడ్లు అటుదిటు అయ్యాయి. మర్నాడు ఆయన ఎడమ బుడ్డిలో కలం ముంచి నలభై రెండు కంబళ్లకు టిక్కులు పెట్టారు.

“అటెండర్ మొగిలి వచ్చి అడిగిండు. సాబ్, పోయినేడాది కంబళ్లు గద, మంచిగనే ఉన్నయి, కాలబెట్టాల్నా అని. ఆకుపచ్చ టిక్కు పడ్డదా అన్న. పడ్డది అన్నడు. ఆఫీసరు పెట్టినంక మనకేంది, కాలబెట్టు అన్న. రిజిస్టర్ దిక్కు తల గూడ ఎత్తలే.”

తర్వాత కంబళ్లు ఏమయ్యాయని విచారణ పెట్టారు. ఆ టిక్కులు తాను పెట్టలేదన్నాడు ఆఫీసరు. టిక్కులో చేతిరాత ఎవరు పోల్చగలరు? ఆ టేబుల్ రోజూ తుడిచేది మొగిలి. కంబళ్లు అమ్ముకుని, ఆఫీసరు సిరాతో తానే టిక్కులు పెట్టి, గుంతలో పాత గుడ్డలు కాల్చాడని తేల్చారు.

“ఎంక్వైరీల రిజిస్టర్ నా ముందట పెట్టిండ్రు. ఆకుపచ్చ టిక్కులని వాళ్లంటాండ్రు. చూస్తే ఆ పేజీల టిక్కులు నేను పెట్టినయే. అప్పుడు సమజైంది. మొగిలి నా దిక్కే చూస్తాండు. నేను గోడ మీది కొత్త సున్నం చూసుకుంట నిలవడ్డ.”

మొగిలి నౌకరీ పోయింది. ధర్మసాగర్‌లో, సొంతూళ్లో, చెరువు దగ్గర కూలికి పోతున్నాడట. వలల దగ్గర ఒంటరిగా ఉండనివ్వరట.

తాహెరా బేగం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. “పింఛను ఆపుతరేమో,” అంది నెమ్మదిగా.

“ఆపనీ.”

తలగడ కింద నుంచి మడత పెట్టిన దరఖాస్తు తీసి ఇచ్చారు. నీలం సిరాతో రెండు పేజీలు. బుడ్ల సంగతి, కళ్ల సంగతి, ‘కాలబెట్టు’ అన్న మాట, అన్నీ ఉన్నాయి.

“ఆఫీసుల ఇచ్చుడు ఎల్లుండి. రేపు ధర్మసాగర్ పోయి ముందుగాల మొగిలికి చదివి వినిపియ్యి. ఇంట్ల కాదు తమ్మీ. చెరువుకాడ, ఆ వలలోళ్లందరు ఉన్నప్పుడు. జర గట్టిగ చదువు.”