ఆస్పత్రి బట్టలు ఆరబెట్టే మిషను

కరోనా వచ్చిన ఏడాది వానాకాలం మొదట్లో మా ఇంట్లో గొడవ రెండు జతల యూనిఫాం గురించే. నా భార్య సూరత్‌లో ఒక ఆస్పత్రిలో ఆయా. ఆమెను కరోనా వార్డులో వేశారు. వాళ్లిచ్చినవి రెండే జతలు. ఇంటికి రాగానే ఒంటిమీది జత వేడినీళ్లలో ఉతకాలి, పొద్దున్నే పొడి జత వేసుకుని పోవాలి. అక్కడే డిండోలిలో ఒక చాలీలో, అంటే వరసగదుల మేడలో, పైన మాది ఒక్క గది. నాలుగు గదులకూ కలిపి ముందర ఒకటే గ్యాలరీ, దానికి అడ్డంగా కట్టిన తీగలు. అందరూ బట్టలు ఆరేసుకునేది ఆ తీగల మీదే.

నేను సాంచాల మిస్త్రీని. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. అవి చెడిపోతే బాగుచేయడం నా పని. ఆ ఏడాది లాక్‌డౌన్‌కు సాంచాలన్నీ ఆగిపోయాయి. చాలీలో మావైపు నుంచి పనికొచ్చినవాళ్లు సగంమంది ఊళ్లకు వెళ్లిపోయారు. ఈమెకు డ్యూటీ ఉంది కాబట్టి మేము కదల్లేదు. తర్వాత సాంచాలు కొన్ని మొదలైనా నన్ను మాత్రం పిలవలేదు. ఆమె పనికి పోతుంటే నేను ఇంట్లో కూర్చోవడం. నాకు అది అలవాటు లేదు, చేతకాదు కూడా. అన్నంలో ఉప్పు తక్కువైనా, కుళాయి నీళ్లు సన్నగా వచ్చినా చిర్రుబుర్రులాడేవాణ్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో వార్డు పెద్ద సిస్టరమ్మ కొత్త మిషను కొనుక్కుని పాతది మా ఆవిడకు ఇచ్చింది. ఉతకడం, ఆరబెట్టడం రెండూ అందులోనే. దాన్ని టెంపోలో తెచ్చి, మంచం తీసేసి, మంచం ఉన్న చోట పెట్టాం. మేం చాప మీదికి దిగాం. నెలరోజులు అది బంగారంలా పనిచేసింది. సరిగ్గా వానలు పట్టుకున్న వారానికి మొరాయించింది. ఉతుకుతుంది, నీళ్లు పారబోస్తుంది, డ్రమ్ము తిరుగుతుంది, అంతా బాగానే ఉంటుంది. ఆరబెట్టడం మొదలుపెట్టిన పది నిమిషాలకు లోపల వేడి పోతుంది. మూడు గంటలు తిరిగాక తలుపు తీస్తే, వేసినవి వేసినట్టే తడిగా ఉంటాయి.

మొదటిరోజు ఆమె ఆ తడి జత తెచ్చి గ్యాలరీ తీగ మీద వేసింది. గంటకల్లా పక్కగది ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా గడప ముందు నిలబడింది. మా జిల్లా మనిషే. అంతకుముందు మా ఇంట్లో చాయ్ తాగని రోజు లేదు.

"వదినా, ఏమనుకోకుండ్రి. మా ఇంట్ల చిన్నపోరి ఉన్నది. గా దవఖాన బట్టలు గీ తీగ మీద ఎయ్యకుండ్రి."

"వేడినీళ్లల్ల ఉతికినమే," అంది మా ఆవిడ.

"ఉతికినరు గని, జర భయమైతది వదినా."

మర్నాడు చాలీ ఓనరు వచ్చాడు. పైకి రాలేదు, మెట్ల కింద నుంచే మాట్లాడాడు. "యా నౌకరీ ఛోడో, యా రూమ్ ఛోడో." ఉద్యోగమన్నా మానాలి, గదన్నా ఖాళీ చేయాలి. ఆదివారం దాకా గడువు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు మెట్లు దిగాను కూడా. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"తిట్టుడు తర్వాత. ముందుగాల మిషను సంగతి చూడు. నేను నౌకరి ఇడువ, రూము ఇడువ. ఇరవై నాలుగు సాంచాలు నడిపిచ్చినోనివి, గీ ఒక్క డబ్బా బాగుజేయరాదా?"

వేళాకోళంగానే అంది, కానీ ఆమె కళ్లలో నవ్వు లేదు. గదిలో ఫ్యాను కింద ఆరేస్తే బట్టలు తెల్లారేసరికి ముక్కిపోయిన వాసన వస్తున్నాయి. తడి యూనిఫాంతో ఇంకోసారి వస్తే వార్డులోకి రానివ్వనని సిస్టరమ్మ చెప్పేసింది. ఆయాలు జ్వరం తెచ్చుకుని మంచమెక్కితే ఆ పేషెంట్లను ఎవరు చూస్తారని సిస్టరమ్మ బాధ సిస్టరమ్మది.

ఇద్దరు మెకానిక్కులకు ఫోన్ చేశాను. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చేస్తారు అని అడిగారు. ఆస్పత్రి అనగానే ఒకడు ఫోన్ పెట్టేశాడు. రెండోవాడు వానలు తగ్గాక చూద్దామన్నాడు. సరే, మీ మొహాలు చూడకపోతే నా పని కాదా అనుకున్నాను. పంతం పట్టాను.

బుధవారం ఆమె డ్యూటీకి వెళ్లగానే ప్లగ్గు పీకి, మిషను పైమూత విప్పాను. వెనక రెండు మరలు, మూత వెనక్కి జరిపితే వచ్చేసింది. లోపల చూడగానే కాస్త ధైర్యం వచ్చింది. బెల్టు, మోటారు, స్ప్రింగులు, అన్నీ మనకు తెలిసిన చుట్టాలే. డ్రమ్ము పైన రేకు పెట్టె, అందులో హీటరు. దాని పక్కన గాలి తోసే ఫ్యాను. రేకు మీద, వేడి ఎక్కువైతే కరెంటు ఆపే రూపాయి బిళ్లంత థర్మోస్టాటు, దానికి రెండు వైర్లు. కరెంటు పారుతోందో లేదో తెలియడానికి సీరీస్ బల్బు పెట్టి చూశాను. హీటరుకు పెడితే వెలిగింది, అంటే కాయిలు తెగలేదు. బిళ్లకు పెట్టినా వెలిగింది. ఫ్యాను వేలితో తిప్పితే తిరిగింది. మరి పది నిమిషాలకే వేడి ఎందుకు పోతోంది? మూత విప్పి ఉంచే మిషను నడిపి చూశాను. రేకు బాగా వేడెక్కగానే ఆ బిళ్ల టిక్కుమని హీటరుకు కరెంటు ఆపేసింది. దొరికింది దొంగ అనుకున్నాను. ముసలిదైపోయి ఊరికే బెదిరి ఆపేస్తోంది, అంతే.

ఇక్కడ నేను చేసిన పని సాంచాల మీద బతికినవాడు మాత్రమే చేస్తాడు. పోగు తెగగానే సాంచెను ఆపడానికి దానికొక చిన్న పుల్ల ఉంటుంది. మాటిమాటికీ ఆగితే గుడ్డ మీటర్లు తగ్గి కూలీ పడిపోతుంది. అందుకని మావాళ్లు ఆ పుల్లను దారంతో కట్టేస్తారు. సేఠు వస్తున్నాడంటే విప్పుతారు, పోగానే మళ్లీ కడతారు. నేనూ కట్టినవాణ్నే, కొత్తగా వచ్చిన వాళ్లకు కట్టడం నేర్పినవాణ్నే. ఆ బిళ్లను చూడగానే నా చేతులు వాటంతట అవే కదిలాయి. రెండు వైర్లూ ఊడదీసి, ఒక రాగితీగ ముక్కతో కలిపేసి, టేపు చుట్టాను. ఇక ఆగదు.

నిజంగానే ఆగలేదు. సాయంత్రం ఆమె వచ్చి, స్నానం చేసి, బట్టలు వేసి మిషను పెట్టింది. ఆరబెట్టడం మొదలై పది నిమిషాలు దాటినా గాజుతలుపు వేడిగానే ఉంది. నేను గర్వంగా చాయ్ పెట్టడానికి లేచాను. చాయ్ పొంగేలోపు ప్లాస్టిక్ కాలిన కంపు గదంతా నిండింది. పరుగున వచ్చి ప్లగ్గు లాగాను. తలుపు తీసేసరికి పొగ. ఒక చొక్కా చెయ్యి మోచేతి దాకా మాడిపోయింది.

ఆమె చొక్కా మాడిన చెయ్యిని వెలుతురుకు పట్టి చూసింది.

"ఏంజేసినవు?"

చెప్పాను. సాంచె పుల్ల కట్టినట్టు కట్టానని చెప్పాను. ఆమె కూడా ఒకప్పుడు సాంచాల దగ్గర కండెలు చుట్టిన మనిషే, వెంటనే అర్థమైంది.

"అది ఉట్టిగనే ఆగుతదా? ఎందుకాగుతదో చూడాలె గద," అంది. 

ఇక మిగిలింది ఒక్క జత. అది ముక్కిన వాసన వేస్తోందని రాత్రి మళ్లీ ఉతికి, చేతనైనంత పిండి, పొద్దున తేమగానే వేసుకుని గురువారం డ్యూటీకి వెళ్లింది. సిస్టరమ్మ కంట పడకుండా పైన ప్లాస్టిక్ కోటు ముందే తొడుక్కుంటానంది. ఆమె మెట్లు దిగుతుంటే నాకు తల తీసేసినట్టయింది. పదిహేనేళ్లుగా మిస్త్రీని, పెళ్లాం ఒంటిమీదికి ఒక పొడి చొక్కా ఇవ్వలేకపోయాను.

ఆ రోజు మిషను ముట్టుకోలేదు. దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె మాటే తిరుగుతోంది బుర్రలో. పుల్ల కట్టేసిన సాంచె ఆగదు, నిజమే, కానీ గుడ్డలో బారెడు బారెడు చార పడుతుంది. తప్పు పుల్లది కాదు, తెగిన పోగుది. అలాగే ఈ బిళ్ల తన పని తాను సరిగ్గానే చేస్తోంది. రేకులో వేడి పేరుకుంటోంది కాబట్టి ఆపుతోంది. ఎందుకు పేరుకుంటోంది? గాలి పోవడం లేదు కాబట్టి. ఫ్యాను తిరుగుతోంది కదా, మరి గాలి ఎక్కడ ఆగింది?

శుక్రవారం పొద్దున్నే ఆమె మళ్లీ అదే తేమ జతతో వెళ్లగానే రాగితీగ పీకేసి, బిళ్లకు దాని వైర్లు దానికి పెట్టాను. మిషనును గోడ నుంచి జరిపి వెనక రేకు విప్పాను. డబ్బా వెనకభాగంలో కిందినుంచి పైకి ఒక వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. డ్రమ్ములోని తేమగాలి దాన్లోంచే పైకి ఫ్యానుకు చేరాలి. పై బిగింపు ఊడదీసి లోపలికి వేలు పెడితే మెత్తగా తగిలింది. లాగాను. తడిసిన బూడిదరంగు నూగు, దుప్పటి ముక్కలా, గొట్టం మందాన పట్టుకుని వచ్చింది. ఇంకా లాగాను, ఇంకా వచ్చింది. తువ్వాళ్ల నూగు, దుప్పట్ల నూగు. నాకిది తెలియని సరుకా? పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు సాంచాల కింద నూగు ఊడ్చకుండా ఎవరినీ ఇంటికి పోనిచ్చేవాణ్ని కాదు. ఇంట్లో మిషనుకు మాత్రం ముందువైపు జల్లెడ కడిగి చేతులు దులుపుకున్నాను. నా మొహం మండ అనుకున్నాను.

మోచేతి దాకా చెయ్యి పెట్టి తోడుతున్నాను. అప్పుడు తట్టింది. ఇది సిస్టరమ్మ ఇంటి నూగు మాత్రమే కాదు. నెలరోజులుగా మా ఆవిడ యూనిఫాం నుంచి రాలింది కూడా ఇదే. నా చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. ఆమె బట్టలు నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా ముట్టలేదు. వేసేది తనే, తీసేది తనే, మడత పెట్టుకునేది తనే. వేసేటప్పుడు సరే, మైలబట్టలు. ఉతికి ఆరిన తర్వాత కూడా నేను చెయ్యి పెట్టేవాణ్ని కాదు. జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. అది జాగ్రత్త కాదు, భయం. కొంగు అడ్డం పెట్టుకున్న పక్కింటామెకూ నాకూ తేడా ఏమిటని నన్ను నేనే అడుక్కుంటే సిగ్గేసింది.  తర్వాత మిగిలిన నూగంతా ఆ చేతులతోనే తోడాను.

గొట్టం కడిగి బిగించాను. మొన్నటి వేడికి ఫ్యాను గూడు ఒక పక్క వంగి రెక్కకు రాసుకుంటోంది. కత్తి కాల్చి ఆ అంచు చెక్కేసరికి మధ్యాహ్నం దాటింది. ఖాళీ మిషనే నడిపి చెయ్యి పెట్టి చూశాను. గాలి జోరుగా వస్తోంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. బిళ్ల అప్పుడప్పుడు టిక్కుమంటోంది, మళ్లీ అందుకుంటోంది. ఎలా ఉండాలో అలా ఉంది.

నాలుగింటికి ఆమె వచ్చింది. బాగైందన్నాను. ఆమె స్నానం చేసి బట్టలు వేసి మిషను పెట్టింది. ఇద్దరం దాని ఎదురుగా చాప మీద కూర్చున్నాం. బయట వాన కొడుతూనే ఉంది. రెండు రోజులకు, ఆదివారం, ఓనరు వచ్చి తీగల మీద మా బట్టలు లేకపోవడం చూసి, ఇంకేం అనడానికి లేక వెళ్లిపోయాడు. పక్కింటామె కూడా కొన్నాళ్లకు కొంగు తీసి మాట్లాడింది. కానీ నాకు ఆ వారంలో గుర్తున్నది ఈ శుక్రవారం సాయంత్రమే. మిషను ఆగి బీప్ కొట్టింది. ఆమె లేవబోయింది.

"నువ్వు కూసో," అన్నాను.

తలుపు తీసి రెండు చేతులూ లోపలికి పెట్టి ప్యాంటు, చొక్కా బయటికి తీశాను. వేడిగా, గలగలలాడుతూ, పూర్తిగా పొడిగా ఉన్నాయి. చొక్కా దులిపి ఒళ్లో వేసుకుని మడత పెట్టడం మొదలుపెట్టాను. ఆమె నా చేతులకేసే చూస్తోంది.

"ఓనరు ఎల్లగొడ్తడని నాకు రంది లేకుండె," అంది. "ఇంకో రూము దొరుకుతుండె. నువ్వు సుత నా బట్టలు ముడుతలేవు గద, గదే రంది."

 చొక్కా చేతులు లోపలికి మడిచి ఆమెకు ఇచ్చాను.