డైనింగ్ టేబుల్ మీద సుల్తానుల మసీదు

మా ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు. మీటింగు కోసం ఇస్తాంబుల్ వెళ్లి, ఒట్టోమన్ సుల్తానుల కాలంనాటి ఒక మసీదు చూసి వచ్చారు. సిడ్నీలో, మా పారమట్టా ఫ్లాట్‌కి తిరిగొచ్చినప్పటి నుంచీ అదే మాట. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా అంత గుమ్మటం ఎలా నిలబడిందో చెబుతూనే ఉన్నారు. నాకు అర్థం కాలేదని నోరు జారాను.

శనివారం పొద్దున లేచేసరికి డైనింగ్ టేబుల్ మీద మసీదు ఉంది. నాలుగు మూలలా పొడుగు స్టీలు డబ్బాలు స్తంభాలు. వాటి మీద బోర్లించిన నా పెద్ద మూకుడు గుమ్మటం. దానికి నలువైపులా దన్నుగా ఆనించిన గిన్నెలు సగం గుమ్మటాలు. పప్పుగుత్తి, అప్పడాల కర్ర మినార్లు.

“ఏవండీ, సాయంత్రం అంకుల్ వాళ్లు డిన్నర్‌కి వస్తున్నారు. నాకు మూకుడు కావాలి.”

“అది తీస్తే స్ట్రక్చర్ మొత్తం పోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఏదైనా చేసెయ్.”

“కుక్కర్ ఏది?”

ఆయన వేలు చూపించారు. మసీదు వాకిట్లో, కాళ్లు కడుక్కునే ఫౌంటెన్ స్థానంలో ఉంది.

ఇంతలో మా పార్సెల్ ఏదో తమకు వచ్చిందని ఎదురు ఫ్లాట్ టర్కీ పెద్దాయన తెచ్చి ఇచ్చారు. టేబుల్ చూసి, గుమ్మం దగ్గరికి వెనక్కి వెళ్లి బూట్లు విప్పి వచ్చారు. చుట్టూ తిరిగి చూసి, పాత మసీదుల్లో దీపాల మధ్య ఉష్ట్రపక్షి గుడ్లు వేలాడదీస్తారని, వాటి వల్ల సాలీళ్లు రావని గంభీరంగా చెప్పారు. తన దగ్గర అవి లేనందుకు క్షమాపణ అడిగి, కోడిగుడ్లు తెచ్చి టేబుల్ పైన వేలాడే మా లైటుకు దారాలతో కట్టి వెళ్లారు.

సాయంత్రం రైస్ కుక్కర్‌లో ఉప్మా చేశాను. వంటింట్లో సుల్తానులకు పనికిరాని సామాను ఆ రైస్ కుక్కర్ ఒక్కటే. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు చేసే అంకుల్, ఆంటీ ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు అరచేయంత హంట్స్‌మన్ సాలీడు ఒకటి దారం పట్టుకుని, గుడ్డు మీదుగా, తీరిగ్గా గుమ్మటం మీదికి దిగింది.

అంకుల్ ఒక్క గెంతులో సోఫా ఎక్కారు. ఆయన కాలు టేబుల్‌కు తగిలింది. ఒక గిన్నె జారింది. మరుక్షణం మూకుడు గుడ్ల దారాలను కూడా లాక్కుని ఢమాలున కింద పడింది.

“చూశారా అంకుల్!” మా ఆయన నేల మీద మోకాళ్లపై పాకుతూ సంబరంగా అరిచారు. “సపోర్ట్ పోయిన వైపుకే పడింది!”

“అది సరే బాబూ, స్పైడర్ ఎటు పోయింది?”

చప్పుడు విని పరుగున వచ్చిన పెద్దాయన పగిలిన గుడ్లు చూసి తల ఊపారు. కోడివి చాలవట, ఈ దేశంలో కనీసం ఈమూ గుడ్లైనా ఉండాలట.

సాలీడు దొరకలేదు. అంకుల్ సోఫా మీద నిలబడే ఉప్మా తిన్నారు. ఆంటీ ఆవకాయ పైకి అందించింది.