చేప కడుపులోని పేర్లు

ఢిల్లీలో మేముండే మయూర్ విహార్‌కి మెట్రో ఇంకా రాని రోజులవి. నేను యూనివర్సిటీలో చైనా భాష చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నాను. నోయిడాలో హస్తకళల మేళా పెడుతున్నామనీ, చైనా నుంచి ఒక నాట్యబృందం వస్తోందనీ, అయిదు రోజులు దుబాసీగా ఉండమనీ నాన్న ఆఫీసులో పైఅధికారిగా చేసి రిటైరైన ఒక తెలుగాయన కబురు పెట్టారు. మేళా పెత్తనమంతా ఆయనదే. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని అంకుల్ అంటాను. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

వచ్చిన తొమ్మిది మందీ ఒకే ఊరివాళ్లు. వరి పండించేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, బడిలో వంట చేసే ఒకావిడ. కొత్త ఏడాది మొదటి పున్నమికి ఆ ఊళ్లో చేప ఆకారంలో దీపాలు చేసి, కర్రలకి గుచ్చి పట్టుకుని, ప్రతి ఇంటి ముందూ ఆడతారు. చిన్న చేపలు ముందు పరిగెడతాయి, పెద్ద చేప వెనక మెలికలు తిరుగుతూ వస్తుంది. ఆ పెద్ద చేపని చేసినాయనకి డెబ్బై దాటాయి. పనిలో ఆరితేరిన పెద్దవాళ్లని అక్కడ షీఫూ అంటారు. నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజే ఆయన చేప కడుపు విప్పి చూపించారు. సన్నగా చీల్చి వంచిన వెదురు పుల్లలకి లోపలివైపు ఎర్ర కాగితం ముక్కలు కట్టి ఉన్నాయి. ఒక్కో ముక్క మీద ఒక్కో పేరు.

"పోయిన ఏడాది మా ఊళ్లో పుట్టిన పిల్లలు. మళ్లీ ఏడాది పున్నమి దాకా ఈ చేప మా సావడిలో వేలాడాలి. ఊరు దాటించడం ఇదే మొదటిసారి. పదకొండు మంది తల్లుల్నీ అడిగి తెచ్చాను," అన్నారు.

మేళాలో వాళ్లకి జరిగిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంటలు కూడవని కొవ్వొత్తులు తీయించారు, సరే. వాటి బదులు చేపల కడుపుల్లో మిణుకుమిణుకుమనే సీరియల్ బల్బులు కుక్కారు. ఇరవై నిమిషాల ఆటని నాలుగు నిమిషాలకి కోశారు. వాళ్ల డోలు 'బోర్' కొడుతోందని సినిమా పాట పెట్టారు. మైకు పట్టుకున్నవాడు రోజూ "డ్రాగన్ డాన్స్" అని అరిచేవాడు. చేప అని మూడుసార్లు చెప్పాను. "అరే మేడమ్, పబ్లిక్‌కి ఏం తేడా తెలుస్తుంది?" అన్నాడు. ఆ నాలుగు నిమిషాలూ షీఫూ సొంత ఊళ్లో ఆడినంత శ్రద్ధగా ఆడేవారు. అది చూస్తే నాకు మరీ కోపం వచ్చేది. వచ్చి ఏం లాభం, నోరు మూసుకునే ఉన్నాను.

చివరి సాయంత్రం ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి వచ్చాడు. అంకుల్ నన్ను స్టేజీ పక్కకి పిలిచారు.

"అమ్మాయ్, ఆ పెద్ద చేపని సార్‌కి గిఫ్ట్‌గా ఇమ్మని చెప్పమ్మా. ఫోటోలో బావుంటుంది."

చెప్పాను. షీఫూ అడ్డంగా తల ఊపారు. "ఇది నాది కాదు, ఊరిది. లోపల పిల్లలున్నారు. ఆయనకి రేపు ఇంకో చేప చేసిస్తానని చెప్పు."

అంకుల్ నా మొహంలోకే చూస్తున్నారు. నాన్నకి ఒకప్పటి పైఅధికారి, నాకు పని ఇప్పించిన మనిషి. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "కొంచెం ఇబ్బంది అంటున్నారు అంకుల్. రేపైతే..."

"రేపేంటి? ఇస్తానన్నాడుగా, ఠీక్ హై," అంటూ ఆయన వెళ్లిపోయారు.

వెనకే పరిగెత్తి, కాదు, ఇవ్వనన్నారు అని చెప్పచ్చు. చెప్పలేదు.

ఫోటో తీశారు. ఇద్దరు మనుషులు షీఫూ చేతుల్లోంచి చేపని అందుకున్నారు. ఫోటో అయ్యాక తిరిగిస్తారనుకుని ఆయన వంగి నమస్కరించారు. వాళ్లు దాన్ని తిన్నగా కారు దగ్గరికి మోసుకెళ్లి, పట్టడం లేదని తోక విరిచి లోపలికి తోశారు. షీఫూ కారు వెనక గేటు దాకా పరిగెత్తారు. వెనక్కొచ్చి నా ముందు నిలబడి, "వాళ్లకి ఏం చెప్పావు?" అన్నారు. పొద్దున్నే వెళ్లి తెచ్చుకుందాం అని మాత్రం అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆ అధికారి బంగళాకి వెళ్లాను. చేప వరండాలో ఓ మూల పడి ఉంది. ఆ ఇంటి పిల్లలు ఆడుకున్నారట. కడుపు చిరిగిపోయింది. తోటమాలి ఎండుటాకులతో పాటు ఎర్ర కాగితాల్ని ఊడుస్తున్నాడు. ఆ ఇంటావిడ సంగతి విని, "గిఫ్ట్ అన్నారే!" అని నొచ్చుకుని, వెంటనే తీసుకెళ్లమంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరం వెతికాం. తొమ్మిది దొరికాయి. రెండు దొరకలేదు.

చేపని మా ఇంటికి తెచ్చాం. అమ్మ నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. గుంటూరు వైపు చర్చిలో ఏటా క్రిస్మస్‌కి వెదురు పుల్లలతో స్టార్లు కట్టిన చేయి. చేపని చూసి, చీర కూడా మార్చుకోకుండా మైదా ఉడకబెట్టింది.

"జిగురు పల్చగా ఉండాలా, చిక్కగానా? ఆయన్నడుగు."

నేను అడిగేలోపే షీఫూ గిన్నెలో వేలు ముంచి, ఇంకాస్త నీళ్లు పొయ్యమని సైగ చేశారు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పని చేశారు. పోయిన రెండు పేర్లూ ఆయన గుర్తు తెచ్చుకుని మళ్లీ రాశారు.

అప్పుడు చెప్పాను ఆయనకి. మీరు కుదరదన్నారు, నేను ఇబ్బంది అన్నాను, నా వల్లే పోయింది అని. ఆయన కుంచె కింద పెట్టి, ఆ రెండు కాగితాల్నీ చేప కడుపులో తనే కట్టుకున్నారు.

సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు. "కాగితాలూ పుల్లలేగా! దానికి పెద్దవాళ్లింటికెళ్లి గోల చేస్తావా? మీ నాన్న మొహం చూసి పనిస్తే ఇదా?"

"ఆయన ఇవ్వనన్నారు అంకుల్. నేను మీకు సరిగ్గా చెప్పలేదు, మీకు వినాలనీ లేదు. అది దొంగతనం. మీరు చేశారు, నేను పక్కన నిలబడ్డాను."

అవతల ఫోన్ పెట్టేశారు. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం అప్పుడే, "నిన్న స్టేజీ దగ్గర అనాల్సిన మాట," అంది.

వాళ్లు తిరిగి వెళ్లే రోజు ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్లాను. వంటావిడ నా చేయి పట్టుకుని వీడ్కోలు చెప్పింది. షీఫూ చేప పెట్టెని ఒక్కరే ఎత్తుకోబోయి తూలారు. ఒక కొస పట్టుకుందామని ముందుకెళ్లాను. ఆయన పెట్టెని తనవైపు లాక్కుని, పడవ నడిపే అతన్ని పిలిచారు. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.